అంజినమ్మ సంగటి బోర్డు

ఉపేంద్రకు ఒక జబ్బు ఉంది. హోసూరు వీధుల్లో అందరూ అంగళ్ళలో సరుకు చూస్తూ నడుస్తారు, అతను అంగడి నెత్తిన బోర్డు చూస్తూ నడుస్తాడు. చూసి ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. పక్కన టీ తాగుతున్నవాణ్ణి ఆపి మరీ చెబుతాడు. బేకరీ అక్షరాలు బన్నుల్లా పొంగి ఉండాలి, అప్పుడే పిల్లలు అమ్మ కొంగు పట్టి లాగుతారు. మెకానిక్ షెడ్డు అక్షరాలు ముందుకు వాలాలి, బండి అప్పుడే బాగయిపోయిందని అనిపించాలి. విత్తనాల అంగడి పేరులో ఎక్కడో ఒకచోట రెండాకులు మొలవకపోతే రైతు మెట్టెక్కడు. నగల కొట్టు అక్షరాలు మాత్రం సన్నగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి తాకకుండా నిలబడాలి. చూడగానే మనం జేబు తడుముకోవాలి. బోర్డు మీది అక్షరం చూసి లోపల ఏం అమ్ముతారో, దాన్ని ఎలాంటివాళ్ళు కొంటారో చెప్పేస్తానని అతని గొప్ప.

ఇంత తెలిసినవాడి ఫ్లెక్స్ ప్రింటింగ్ అంగడికి బోర్డు లేదు. పాతది ఒక గాలివానకు చిరిగిపోయింది. కొత్తదానికి తగిన అక్షరం ఇంకా దొరకలేదని ఏళ్ళ తరబడి చెబుతున్నాడు. ఆ మాట ఎత్తినప్పుడల్లా అతని భార్య సుగంధికి వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది.

నిజానికి అతనికి తిండి పెట్టేవి బోర్డులు కావు. చెవులు కుట్టడాలు, గృహప్రవేశాలు, చావులు. చావు ఫ్లెక్సులను ఉపేంద్ర పనిగా కూడా లెక్కపెట్టడు. కంప్యూటర్లో ఎప్పుడో చేసిపెట్టుకున్న ఫైలు ఒకటుంది. ఏడుస్తూ వచ్చినవాళ్ళ దగ్గర ఫొటో తీసుకుని, పేరు మార్చి, అచ్చుకు పంపి టీకి పోతాడు.

సుగంధి తల్లి అంజినమ్మ బాగలూరు బస్టాండు ఎదురుగా రేకుల షెడ్డులో రాగిసంగటి, అనపగింజల పితికిపప్పు పులుసు వండి పెట్టేది. దానికి పేరూ లేదు, బోర్డూ లేదు. పూలు అమ్ముకోవడానికి వచ్చిన రైతులు మూటలు దించి నేరుగా అక్కడికే నడిచేవాళ్ళు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ షెడ్డు పోయింది. ఆమె సందు లోపల ఒక గది బాడుగకు తీసుకుంది. అయితే బస్సు దిగినవాళ్ళకు ఆమె ఎక్కడికి పోయిందో తెలియలేదు. వండిందంతా పొద్దుగూకేసరికి పక్కింటి ఆవులకు పోతూ వచ్చింది.

"ఈ నెల చూస్తా. జనం రాకుంటే పొయ్యి ఆర్పేసి రోజాల షెడ్డుకు కూలికి పోతా" అంది అంజినమ్మ.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఆ షెడ్లలో దినమంతా నిలబడి పూలు కోయాలి. సుగంధి మొగుడి వైపు చూసింది. ఉపేంద్ర ఛాతీ ఉబ్బింది.

"దిగులొద్దత్తా. జనాన్ని పిలుచుకొచ్చేది నా పని."

"నువ్వేం జేస్తావప్పా?"

"బోర్డు."

అల్లుడి పని మీద అంజినమ్మకు ఏనాడూ గురి లేదు. మా అల్లుడు కంప్యూటర్లో ఫొటోలు అతికిస్తాడని చుట్టాలతో చెప్పేది, అదీ ఎవరైనా రెండుసార్లు అడిగితేనే. ఒక్కసారి ఆమె నోటితో బాగుందని అనిపించుకోవాలని ఉపేంద్రకు పెళ్ళయిన నాటి నుంచీ కోరిక.

అక్షరం చూసి కొనేవాడు ఎవడో చెప్పగలిగిన మనిషి, ముందు కొనేవాడు ఎవడని ఆలోచించాలి కదా. ఆలోచించాడు. కొత్త అపార్ట్‌మెంట్లు, కంపెనీలు, మెడలో ఐడీ కార్డులు వేసుకుని తిరిగే పిల్లలు. బెంగళూరులో ఒకసారి ఒక పెద్ద హోటలు చూశాడు. అక్కడ మన సంగటే వెండి గిన్నెలో పెట్టి ఇస్తున్నారు. దాని బోర్డు నల్లటి నలుపు, దాని మీద వెంట్రుకంత సన్నటి బంగారు అక్షరాలు. ఆ అక్షరాల ముందు నిలబడితే ఉపేంద్రకే ఇన్‌షర్టు చేసుకోవాలనిపించింది. అత్తను ఆ ఎత్తుకు తీసుకుపోవాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు.

మూడు రాత్రులు కూర్చున్నానని చెప్పుకుంటాడు గానీ, ఒక రాత్రి నిద్రపోయాడు. బోర్డంతా నలుపు. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో అంజినమ్మ ఫొటో, సుగంధి పెళ్ళిలో పట్టుచీరతో బిగుసుకుని కూర్చున్నది. రంగులు తీసేసి నలుపు తెలుపు చేశాడు, పాతకాలపు రుచి అని తెలియాలి కదా. చుట్టూ బంగారు తీగ. కింద తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో ఆమె పేరు. దాని కింద అన్నిటికంటే సన్నగా, మరువలేని రుచి అని ఒక మాట.

సందు మొదట్లో, వచ్చే బస్సులకు ఎదురుగా రెండు గుంజలు పాతి ఆదివారం సాయంత్రం దాన్ని ఎత్తి కట్టాడు. అంజినమ్మ తల పైకెత్తి చాలాసేపు చూసింది.

"నా మొకం ఇంత పెద్దదా?" అని మాత్రం అంది.

సోమవారం పొద్దున్నే ఉపేంద్ర అంగడి మూసుకుని వచ్చి సందు మొదట్లో కాపు కూర్చున్నాడు. బోర్డు పనిచేస్తోంది. దాటిపోయేవాళ్ళు ఆగుతున్నారు. తల ఎత్తి చూస్తున్నారు. ఒక ముసలాయన భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. బస్సు కిటికీలోంచి ఒకామె చేతులు జోడించింది. ఒకతను బండి ఆపి ఫొటో తీసుకుని ఎవరికో పంపించాడు.

ఉపేంద్ర లోపలికి పరిగెత్తాడు. "అత్తా, నిలబడి నిలబడి చూస్తా ఉండారు. మంచి అక్షరానికి జనం ఇంత మర్యాద ఇస్తారని నాకే తెలీదు."

"లోపలికి ఒక్కరన్నా రారేంటికప్పా?"

"మొదటి దినం కదా. వాళ్ళ మనసులో దిగల్ల."

దిగింది. పొద్దుగూకేదాకా ఒక్కరూ రాలేదు. సంగటి మొత్తం ఆవులకు పోయింది. ఆవులు మాత్రం బోర్డు వైపు చూడకుండానే తిన్నాయి.

మంగళవారం మధ్యాహ్నం అత్తిముగం నుంచి వెంకటేశప్ప వచ్చాడు. బంతిపూల రైతు, అంజినమ్మ షెడ్డులో ఏళ్ళ తరబడి తిన్న మనిషి. వెనక అతని ఇంటి ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. వెంకటేశప్ప చేతుల్లో మోపెడు పూలమాల. గడప దగ్గర చెప్పులు విడిచి, తల వంచుకుని లోపలికి అడుగుపెట్టాడు.

"ఏమప్పా వెంకటేశప్పా, ఇన్నాళ్ళకు దోవ తెలిసిందా?" అంది అంజినమ్మ, గరిటె చేత్తో పట్టుకుని.

వెంకటేశప్ప గోడ పట్టుకుని కిందికి జారి కూర్చున్నాడు. మాల ఒళ్ళో పడింది. ఆడవాళ్ళలో ఒకామె అంజినమ్మ చెయ్యి పట్టుకుని, వదిలేసి, మళ్ళీ పట్టుకుని చూసింది.

"అంజినక్కా, నువ్వు ఉండావా?"

"ఉండక యాడికి పోతా?"

"బస్సులో పోతా పోతా బోర్డు చూస్తిమి కదక్కా. నల్లగా, నడాన నీ ఫొటో. సన్నంగా ఏమో రాసిండారు, కండ్లకు ఆనలేదు. మరువలేని అనేది మాత్రం చదివినాము." వెంకటేశప్ప కళ్ళు తుడుచుకుని ఉపేంద్రను చూశాడు. "పోయినేడు మా నాయన చనిపోయినప్పుడు కన్నీటి అంజలి ఫ్లెక్స్ నీ కాడనే కదప్పా వేయించినాము. అచ్చం ఇదే."

ఉపేంద్ర కళ్ళ ముందు ఆ పాత ఫైలు తెరుచుకుంది. అంతా నలుపు. కోడిగుడ్డు ఆకారం. బంగారు తీగ. హోసూరు నుంచి చుట్టుపక్కల పల్లెల దాకా నలుపు మీద బంగారం కనిపిస్తే మనిషి పోయినట్టేనని జనానికి నేర్పినవాడు బెంగళూరు హోటలువాడు కాడు. ఇన్నేళ్ళుగా, టీకి ముందు అర్ధ నిమిషంలో, తనే నేర్పాడు. అక్షరం చూసి కొనేవాడి సంగతి చెప్పే మనిషికి తను రోజూ చేసే పని తెలియలేదు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. బతికున్న అత్తను చంపడమే కాక, ఆమె పొయ్యి కూడా ఆర్పేశానని అనుకున్నాడు. మోకాళ్ళ నొప్పులతో ఆమె రోజాల మధ్య నిలబడటం కళ్ళకు కట్టింది.

"ఎవరెవరికి చెప్పినారు?" అంది అంజినమ్మ.

"అందరికీ చెప్తిమక్కా. ఫొటో ఊరూరికీ పోయింది. మా వెనకాల వ్యాన్లో ఇంకా వస్తా ఉండారు."

అంజినమ్మ పొయ్యి వైపు తిరిగింది. "సుగంధీ, పెద్ద కుండలో ఎసరు పెట్టు."

వ్యాన్లు వచ్చాయి. బాగలూరు పూలవాళ్ళు, మత్తిగిరి నుంచి కంపెనీ ఆడవాళ్ళు, ఎప్పుడో ఒకప్పుడు ఆమె చేతి సంగటి తిన్నవాళ్ళంతా మాలలతో వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు గుమ్మంలో నిలబడిపోయి, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశారు. చావింటికి వచ్చినవాళ్ళు స్నానం చేయకుండా తినరు. ఆ సందేహంతో కొందరు బయటే తచ్చాడుతుంటే అంజినమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నేను చావలేదు కదా, తలకు పోసుకునే పని లేదు. చేతులు కడుక్కోని కూర్చోండి."

గది చాలలేదు. సందులో కూడా విస్తర్లు వేశారు. పులుసు రెండుసార్లు కాచారు. ఉపేంద్ర నీళ్ళు పోస్తూ, ఎవరి కళ్ళలోకీ చూడకుండా తిరుగుతున్నాడు. అంజినమ్మ మూల కుప్పగా పడున్న మాలల్లోంచి అన్నిటికంటే పెద్దది తీసి, అందరూ చూస్తుండగా అతని మెడలో వేసింది.

"జనాన్ని పిలుచుకొస్తానంటివి. తెచ్చినావు" అంది. "రేపు ఆ బోర్డు పెరికేయ్."

ఇన్నేళ్ళు ఎదురుచూసిన సన్మానం అదే. అత్త శవం కోసం కట్టిన మాలతో జరిగింది. నవ్వులు తగ్గాక అతను వెంకటేశప్ప పక్కన విస్తరి ముందు కూర్చున్నాడు. మాల తీయాలని కూడా తోచలేదు.

"మా నాయన ఫ్లెక్స్ ఇంకా గోడకే ఉందప్పా" అన్నాడు వెంకటేశప్ప ముద్ద పులుసులో తిప్పుతూ. "వానకు తడస్తా ఉంటే టార్పాలిన్ కప్పినాము. పారేసేదానికి చెయ్యి రాలేదు. అక్షరాలు శానా బాగుండాయి."

ఉపేంద్ర చెయ్యి విస్తరిలోనే ఆగిపోయింది. అక్షరాలు బాగున్నాయని అతనితో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అతని పాత జబ్బు వెంటనే లేచి కూర్చుంది.

"ఏం నచ్చిందప్పా, సన్నంగా ఉండేదా? ఎడంగా ఉండేదా?"

వెంకటేశప్ప అతన్ని వింతగా చూశాడు.

"అదంతా నాకేం తెలుసప్పా. మా నాయన పేరు కదా."

ఉపేంద్ర తల వంచుకున్నాడు. ఆ ఫైలులో తను కొట్టిన ఆ పెద్దాయన పేరు ఏదో గుర్తు తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాడు, రాలేదు. అంజినమ్మ వచ్చి అతని విస్తరిలో ఇంకో ముద్ద వేసిపోయింది.