కుడి నుంచి ఎడమకు చదవమన్న రోజు

నేను ఒక ఫ్రేముని. కళ్లజోడు ఫ్రేముని కాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే దుకాణానికి వచ్చేవాళ్లలో సగం మంది నన్ను చూసి, ‘ఇదా నాకివ్వబోయేది’ అని బెంబేలెత్తిపోతారు. కళ్లు పరీక్ష చేసేటప్పుడు మీ ముక్కు మీద పెట్టి, గుండ్రటి అద్దాలు ఒక్కొక్కటే అందులో జారవేసి, ‘ఇది బాగుందా, ఇది బాగుందా’ అని అడుగుతారు చూడండి, ఆ బరువైన వస్తువుని నేనే. రెండు పక్కలా మరలు, చుట్టూ డిగ్రీల అంకెలు. నన్ను పెట్టుకుంటే ఎంత గంభీరమైన హెడ్మాస్టరైనా కాసేపు సర్కస్ మనిషిలా కనిపిస్తాడు. పది నిమిషాలకు మించి నన్నెవరూ భరించలేదు. నన్ను కొనుక్కుంటానని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. అయినా సరే, చూపు విషయంలో నా తీర్పుకు తిరుగులేదని నలభై ఏళ్లు ఒళ్లు తెలియని గర్వంతో బతికాను. ఆ గర్వం ఒక్క అమ్మాయి దగ్గర దిగిపోయింది. ఆ కథే ఇది.

నేను పుట్టింది ఉత్తరాదిన, పరికరాలు చేసే ఒక షెడ్డులో. రెండు వందల పైచిలుకు అద్దాలతో పాటు మఖమలు పరిచిన పెట్టెలో పడుకుని, రైలెక్కి నరసాపురం వచ్చాను. నా మొదటి యజమాని కరీముల్లా గారు. సైకిల్ వెనక నా పెట్టె కట్టుకుని, గోదావరి రేవులు దాటుకుంటూ, ఊరూరా బడి వరండాల్లో పరీక్షలు చేసేవారు. ఆయన చేతిలో రెటినోస్కోపు అనే చిన్న లైటు ఉండేది. దాని వెలుగుని కంట్లోకి వేసి అటూ ఇటూ ఆడిస్తే, లోపలి నుంచి ఒక ఎర్రటి వెలుగుచార తిరిగి కదులుతుంది. ఆ కదలికని బట్టి ఆయన నంబరు చెప్పేసేవారు. ‘మనిషి నోరు మొహమాటపడుతుంది, వెలుగు పడదు’ అనేవారు. వయసు మళ్లాక, తన దగ్గరే పని నేర్చుకున్న మంగపతి గారికి నన్నూ నా అద్దాలనీ ఆ లైటునీ అప్పగించారు.

మంగపతి గారు మంచి మనిషి, కాకపోతే యంత్రమంటే మోజు. బస్టాండు దగ్గర దుకాణం పెట్టి, గడ్డం ఆనిస్తే చాలు నంబరు చీటీ మీద కొట్టిచ్చే యంత్రం తెచ్చుకున్నారు. గురువుగారి లైటు సొరుగులోకి పోయింది. చీటీలో వచ్చిన నంబరుని నాలో పెట్టి, గోడ మీది అక్షరాల బోర్డు చదివించి, సరిపోయిందనుకునేవారు. ఇంకో పొరపాటు కూడా చేశారు. వచ్చినవాళ్లు కూర్చోవడానికి వేసిన బల్ల సరిగ్గా ఆ బోర్డుకి ఎదురుగా ఉండేది. ముందు వాళ్లు చదువుతుంటే వెనక వాళ్లంతా వినేవాళ్లు. మామూలు జనానికి దానివల్ల వచ్చిన నష్టమేమీ లేదు. లేసు అల్లేవాళ్ల సంగతి వేరు.

మా వైపు ఆడవాళ్ల లేసు అల్లిక మీరు వినే ఉంటారు. అరుగు మీద పది మంది కూర్చుంటారు. ఒకరు నమూనా చూసి, ‘మూడు గొలుసు, రెండు నిలువు, ఒకటి వదులు’ అని లెక్క చెప్తుంటే మిగిలినవాళ్ల వేళ్లు ఆ మాట వెంట పరిగెడతాయి. ఒకసారి చెవిన పడిన వరస వాళ్లు మర్చిపోరు. సత్యవేదమ్మ గారి అరుగు మీద లెక్క చెప్పే మనిషి ఆవిడ చెల్లెలి కూతురు ఏస్తేరు. పందొమ్మిదేళ్లది. ఎక్కడి నుంచో వచ్చిన లేసు ముక్కని ఒక్క గంట చూస్తే చాలు, కుట్టు కుట్టూ లెక్కపెట్టి ఒప్పజెప్పేసేది. ఆ పిల్లకి ఆ పని అంటే ప్రాణం.

ఏస్తేరు మొదటిసారి వచ్చినప్పుడు చెప్పుకున్న బాధ విచిత్రంగా ఉంది. ‘దీపం చుట్టూ తోకలు కనబడతన్నాయండి. చందమామ ఒకటి కాదు, మూడు నాలుగు ఒకదాని మీద ఒకటి పడ్డట్టుంటాడు. దారం పక్కన ఇంకో దారం నీడలాగా ఉంటంది’ అంది. చెప్తూ చెప్తూనే పిడికిలితో కళ్లు నలుపుకుంది. చీటీ వచ్చింది, అద్దాలు నాలో పడ్డాయి, ఏస్తేరు బోర్డు చివరి వరస దాకా గడగడా చదివేసింది. మంగపతి గారు సంతోషించారు. నేనూ సంతోషించాను. నా ముఖానికి సిగ్గులేదు.

ఆరు నెలలకు మళ్లీ వచ్చింది. నంబరు పెరిగింది. మళ్లీ గడగడా చదివింది. మళ్లీ కొత్త జోడు. కానీ ఈసారి నాకు మనసులో పీకింది. తల ఒక పక్కకు వంచి, నా అంచు నుంచి దొంగచూపు చూస్తోంది. బాగా కనిపించే మనిషికి అంత అవస్థ దేనికి? చెప్దామంటే నాకు నోరు లేదాయె.

ఇంకో ఆరు నెలలకు మూడోసారి వచ్చింది. వెంట సత్యవేదమ్మ గారు. ఆవిడ మహా కోపంగా ఉన్నారు.

‘ఏంటండీ ఇది మంగపతి గారూ, ఇక్కడ కూకోబెడితే అన్నీ చదివేత్తది. ఇంటికెళ్తే లెక్క తప్పుతది. గుండ్రటి బల్లగుడ్డ సగం అల్లాక మొత్తం విప్పించాం. బద్ధకమో, ఫోనో, ఏదో నాకు తెలవట్లేదు.’

ఏస్తేరు తల దించుకుని బల్ల మీద కూర్చుంది. అది శుక్రవారం. నమాజు అయ్యాక శిష్యుడి దుకాణంలో టీ తాగడం కరీముల్లా గారికి అలవాటు. ఆయనా అదే బల్ల మీద, ఆమె పక్కన కూర్చున్నారు. ముందున్న పెద్దాయన బోర్డు చదువుతున్నాడు, ‘ప, గ, ర, ట, న, ల.’ ఏస్తేరు పెదాలు చప్పుడు లేకుండా ఆయన వెంట కదులుతున్నాయి. ఒళ్లో చేతివేళ్లు సూది పట్టుకున్నట్టే ఆడుతున్నాయి. కరీముల్లా గారు టీ గ్లాసు కింద పెట్టేశారు.

ఆమె వంతు వచ్చింది. నేను ముక్కు మీదకెక్కాను. ఎప్పట్లాగే, ‘ప, గ, ర, ట, న, ల.’

‘బాగా చదివావు తల్లీ,’ అన్నారు కరీముల్లా గారు బల్ల మీద నుంచే. ‘ఇప్పుడు కుడి నుంచి ఎడమకు చదువు. చిన్నప్పుడు మేం మదర్సాలో ఉర్దూ అట్టాగే చదివాం. పెద్ద కష్టమేం కాదు.’

ఏస్తేరు ‘ల’ అంది. తర్వాత ఏదో మనసులో తిరగేసి లెక్కపెట్టుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. ‘న’ అంది. కరీముల్లా గారు, ‘ఆ పై వరస మధ్య అక్షరం?’ అన్నారు. ఇక చెప్పలేకపోయింది. నా కింద ఆమె బుగ్గలు తడిసిపోయాయి.

‘ఎందుకే ఇట్టా చేశావు?’ అన్నారు సత్యవేదమ్మ గారు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

‘కనబడట్లేదంటే లెక్క ఇంకొకరికి ఇచ్చేత్తావు కదా పెద్దమ్మా. అది పోతే నేనేం చెయ్యను?’

మంగపతి గారు సొరుగు లాగి ఆ పాత లైటు తీసి గురువుగారి చేతికిచ్చారు. వెలుగు నాలోంచి ఏస్తేరు కంట్లోకి వెళ్లింది. మామూలుగా ఒకే చారగా కదలాల్సిన వెలుగు రెండుగా చీలి, కత్తెర రెక్కల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ వచ్చింది. తర్వాత, వెలుగుని చెదరనీయకుండా సన్నగా పోనిచ్చే, నడుమ సూది బెజ్జమంత రంధ్రం ఉన్న నల్ల బిళ్లని నాలో వేశారు. అందులోంచి ఏస్తేరు, ఏ వరస అడిగితే ఆ వరస, కుడి నుంచి ఎడమకు మూడు వరసలు చదివేసింది.

‘కన్ను చచ్చిపోలేదమ్మా. కనుపాప ముందుండే అద్దంలాంటి పొర పల్చబడి ముందుకు పొడుచుకొస్తోంది. కెరటోకోనస్ అంటారు. దీనికి ఈ జోళ్లు చాలవు’ అన్నారు కరీముల్లా గారు.

జోళ్లు చాలవట. నలభై ఏళ్ల నా బతుకు ఆ రెండు మాటల్లో తేలిపోయింది. మంగపతి గారి పరిస్థితి నాకంటే అన్యాయం. ‘ఏడాది పోగొట్టాను. తప్పు నాదమ్మా’ అని, అప్పటికప్పుడు షట్టరు దించి, మర్నాడు వాళ్లిద్దరినీ రాజమండ్రిలో కంటి ఆసుపత్రికి తనే తీసుకెళ్లారు. అలవాటు కొద్దీ నన్నూ సంచీలో వేసుకున్నారు.

అక్కడ ఒక యంత్రం ఏస్తేరు కంటికి రంగుల పటం గీసింది. చుట్టూ ఆకుపచ్చ, కింది వైపు ఎర్రటి మచ్చ. డాక్టరు వసుధ గారు ఆ మచ్చ మీద పెన్ను పెట్టి చెప్పారు. ‘ఇక్కడ సాగింది. కళ్లు నలిపిన కొద్దీ ఇంకా సాగుతుంది. దురద తగ్గడానికి చుక్కలిస్తాను. నలపడం మాత్రం ఈ రోజుతో మానాలి.’

‘తగ్గుతాదాండీ?’ అంది ఏస్తేరు.

‘సాగినది వెనక్కి రాదు. ఇంకా సాగకుండా ఆపగలం. విటమిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పెడతాం, ఆ పొర గట్టిపడుతుంది. మేం చేసే పద్ధతికి పొర మందం కనీసం నాలుగు వందల మైక్రాన్లు ఉండాలి. నీ కుడి కన్ను నాలుగు వందల పన్నెండు ఉంది.’

పన్నెండు. ఇంకొన్నాళ్లు నేను దర్జాగా ఆ ముక్కు మీద కూర్చుని ఉంటే అదీ మిగిలేది కాదు.

చికిత్స గదిలోకి నేను వెళ్లలేదు. తర్వాత సత్యవేదమ్మ గారు దుకాణంలో చెప్పిందే చెప్తున్నాను. ముందు కుడి కన్ను, నెల తిరిగాక ఎడమ కన్ను. చేసేటప్పుడు నొప్పి తెలియలేదు కానీ, తర్వాత మూడు రోజులు కంట్లో ఇసుక పోసినట్టు మండి నీళ్లు కారాయట. చేతులు ఊరుకుంటే కంటి మీదకే పోతాయని ఆవిడ ఒక ఉపాయం చేశారు. ఏస్తేరు కళ్లు మూసుకుని కూర్చుంటే చేతికి సూదీ దారం ఇచ్చి, తనే పక్కన కూర్చుని లెక్క చెప్పారు. ‘మూడు గొలుసు, రెండు నిలువు, ఒకటి వదులు.’ ఇన్నేళ్లు లెక్క చెప్పిన పిల్ల మొదటిసారి లెక్క విని అల్లింది. ఆ మూడు రోజుల్లో అల్లిన ముక్కలో ఒక్క కుట్టు కూడా తప్పలేదని సత్యవేదమ్మ గారు ఇప్పటికీ దుకాణానికి వచ్చినప్పుడల్లా అందరికీ చూపిస్తుంటారు.

ఆవిడ మంగపతి గారికి ఇచ్చిన ఆ ముక్క ఇప్పుడు నా కిందే ఉంది. నేను అద్దాల అరలో, ఆ లేసు మీద పడుకుని ఉంటాను. మామూలు పరీక్షలకి కొత్త ఫ్రేము వచ్చింది, తేలికైనది, అంకెలు కూడా అందంగా ఉన్నాయి. వస్తే రానీండి. కళ్లు నలుపుకుంటూ ఎవరైనా వచ్చి, నంబరు ఆరు నెలలకోసారి మారుతోందంటే మంగపతి గారు చేయి చాపేది నా కోసమే, ఆ పాత లైటు కోసమే. బల్లని వీధి వైపు తిప్పేశారు. బోర్డు అందరి చేతా రెండు వైపుల నుంచీ చదివిస్తారు. కుర్రాళ్లు నవ్వుతారు కానీ చదువుతారు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. చికిత్స అయ్యి, కళ్లు కుదుటపడ్డాక డాక్టరు గారు ఏస్తేరుకి గట్టి కాంటాక్ట్ లెన్సులిచ్చారు. పొర ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా, ఆ లెన్సు కింద కన్నీరు నిండి పైన నున్నగా ఉంటుందట. మొదట్లో కంట్లో నలుసు పడ్డట్టు ఇబ్బంది పడింది, రోజుకి కొన్ని గంటలుగా పెంచుకుంటూ అలవాటు చేసుకుంది. ఒక శుక్రవారం పెద్దమ్మతో కలిసి దుకాణానికి వచ్చింది. కరీముల్లా గారు టీ తాగుతున్నారు.

లెన్సు మీద ఇంకేమైనా నంబరు కావాలేమో చూద్దామని మంగపతి గారు నన్ను తీసి ఆమె ముక్కు మీద పెట్టారు. ఏస్తేరు చెయ్యెత్తి ఆపింది.

‘ఆ బోర్డు వద్దండి. నేనెప్పుడూ చూడంది ఉంటే పెట్టండి. నాకూ నమ్మకం కుదరాలి కదండీ.’

మంగపతి గారు అటకెక్కి, విప్పని కాగితం చుట్టలోంచి కొత్త బోర్డు తీసి తగిలించారు. ఏస్తేరు పై నుంచి కిందికి చదివింది. ఎవరూ అడక్కుండానే కుడి నుంచి ఎడమకు చదివింది. చివరి వరసలో ఒక్క అక్షరం దగ్గర ఆగింది, ఆగి చెప్పింది, సరిగ్గానే చెప్పింది. తల వంచలేదు, దొంగచూపు చూడలేదు. సత్యవేదమ్మ గారు కొంగుతో మొహం తుడుచుకుని, ‘రేపొద్దున్న లెక్క నువ్వే చెప్పాలి, నా గొంతు పోయింది’ అన్నారు.

‘ఎంత తేటగా ఉందో,’ అంది ఏస్తేరు. ‘ఇందులో ఏ అద్దం పెట్టారండీ?’

మంగపతి గారు నవ్వారు. ఏస్తేరు నన్ను ముక్కు మీద నుంచి తీసి, చేత్తో పట్టుకుని, అనుమానంగా నా వలయంలోకి చూపుడువేలు పెట్టింది. ఆ వేలు ఏ అద్దమూ తగలకుండా ఇటు నుంచి అటు వెళ్లిపోయింది.