క్లిక్ అన్నాక ఆపాలి

ఆ ఇంట్లో తలుపుకి తాళం వేయడం ఒక్కరితో అయ్యే పని కాదు. వాళ్ళమ్మాయిని అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుక వాళ్ళమ్మ తాళం వేస్తుంది. పిచ్చుక వాళ్ళ నాన్న ఒకసారి లాగి చూస్తాడు. నానమ్మ రెండుసార్లు లాగుతుంది, కొడుకు లాగింది ఆవిడ లెక్కలోకి రాదు కాబట్టి. సగం మెట్లు దిగిన పిచ్చుక వెనక్కొచ్చి తనూ ఓసారి లాగుతుంది. చివరికి వాళ్ళమ్మ మళ్ళీ లాగి "సరే" అంటేనే కుటుంబం కదులుతుంది. ఎదురింటివాళ్ళు ఈ తాళం చప్పుడు విని గడియారం సరిచేసుకుంటారని పిచ్చుక వాళ్ళ నాన్న అందరికీ చెప్పుకుని నవ్వుతాడు.

అలాంటి కుటుంబానికి కారు నెత్తిన సైకిలు పెట్టుకుని రెండు గంటలు ప్రయాణం చేయాల్సిన పని పడింది.

పైగా ఆ సైకిలు వాళ్ళది కాదు. పదహారేళ్ళ పిచ్చుకకి ఆదివారం పొద్దున సైకిలు రేసు. మొదటి పదిమందిలో వస్తే జట్టులోకి తీసుకుంటారు, లేదంటే మళ్ళీ ఏడాది ఆగాలి. పిచ్చుక సైకిలు పాతది, బరువు. అందుకని కోచ్ మేడమ్ తను ఇన్నేళ్ళూ ఎవరినీ ముట్టుకోనివ్వని తేలికపాటి కార్బన్ సైకిలు తెచ్చి ఇచ్చింది. ఇస్తూ ఒకే ఒక్క మాట చెప్పింది. పడినా తట్టుకుంటుందేమో గానీ నొక్కితే తట్టుకోదు, ఫ్రేమును ఏదీ గట్టిగా పట్టుకోకూడదు అని. ఆ మాట విన్న దగ్గర్నుంచి పిచ్చుక వాళ్ళమ్మకి అన్నం సయించడం లేదు.

ఆమె కళ్ళద్దాల షాపులో లెన్సులు బిగిస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ఆవగింజంత స్క్రూలతోనే ఆమె బతుకంతా. అర చుట్టు తక్కువైతే లెన్సు ఊడి కింద పడుతుంది, అర చుట్టు ఎక్కువైతే అంచు దగ్గర పుటుక్కుమని పగులు వస్తుంది. ఆ పుటుక్కు అనే చప్పుడు కలలో వినిపించినా ఉలిక్కిపడి లేస్తుంది. ఇప్పుడు ఆ చప్పుడు కార్బన్ సైకిలు నుంచి వస్తుందేమోనని ఆమె భయం.

వెనక సీటు మడిచి సైకిలు లోపల పెట్టుకోవచ్చు కదా అంటే, అప్పుడు ఇద్దరే పడతారు. మనవరాలి రేసు చూడకుండా ఇంట్లో కూర్చోవడం తనవల్ల కాదని నానమ్మ అప్పటికే తేల్చేసింది. ఆవిడ మోకాళ్ళకి బస్సు మెట్లు ఎక్కడం కుదరదు. కాబట్టి కారు బయట సైకిలు బిగించే ర్యాకు కొనాలి. శనివారం మధ్యాహ్నం నలుగురూ కలిసి షాపుకి వెళ్ళారు, ఒకరు వెళ్తే ఇంకొకరికి నమ్మకం కుదరదు కాబట్టి.

షాపు నిండా ర్యాకులే. డిక్కీకి బెల్టులతో కట్టేవి, కారు వెనక కొక్కేనికి తగిలించేవి, టాపు మీద బిగించేవి, ఇంకా పడవలకి, డేరాలకి, ఏవేవో పెట్టెలకి. షాపతను ఓపిగ్గా ఒక్కొక్కటే చూపించాడు. వాళ్ళ కారుకి వెనక కొక్కెం లేదు, అది పోయింది. డిక్కీ బెల్టులది చూడగానే పిచ్చుక వాళ్ళమ్మ కళ్ళ ముందు దారి పొడుగునా బెల్టులు ఒక్కొక్కటీ వదులవుతూ, సైకిలు ఊగుతూ, వెనకాల లారీ. వద్దంది. టాపు మీద పెట్టేవాటిలో ఒకటి ఫ్రేమును దవడల్లాంటి వాటితో పట్టుకుంటుంది. దాన్ని తాకకుండానే వద్దంది.

చివరికి మిగిలింది ఒకటే. దీంట్లో చక్రాలు రెండూ గాడిలో నిలబడతాయి, ఫ్రేమును ఏదీ తాకదు. వెనక చక్రానికి పట్టీ, ముందు చక్రం మీదికి ఒక కొక్కెం వచ్చి కిందికి అదుముతుంది. ఆ కొక్కేన్ని బిగించడానికి అడుగున గుండ్రంగా తిప్పే పిడి, ఒక నాబ్ ఉంటుంది.

"తిప్పుతూ ఉండండి. క్లిక్ అంటుంది. అన్నాక ఆపేయాలి," అన్నాడు షాపతను.

"అన్నాక ఇంకొక్క చుట్టు, మన తృప్తి కోసం తిప్పితే?" అంది నానమ్మ.

"తృప్తి మీకు మిగుల్తుంది, లోపల మరలు అరిగిపోతాయమ్మా."

పిచ్చుక వాళ్ళమ్మ వెంటనే అత్తగారి వైపు తిరిగి, విన్నారు కదా అత్తయ్యా, క్లిక్ అన్నాక ఎవరూ చెయ్యి పెట్టకూడదు అని గట్టిగా చెప్పింది. మొగుడికీ చెప్పింది, పిచ్చుకకీ చెప్పింది. తన కళ్ళద్దాల షాపులో కస్టమర్లకి రోజుకి పదిసార్లు చెప్పే మాటే అది. ఇంట్లో మీ అంతట మీరు బిగించుకోకండి.

ఇంక తిరిగొచ్చి కారు పెట్టే సెల్లారు పైకప్పు సంగతి. కారు మీద సైకిలు నిలబెడితే ఎంత ఎత్తవుతుందో చీపురు కర్రతో కొలిచారు. పైకప్పు ఇంకా రెండు జానలు ఎత్తులోనే ఉందని తేలింది. అయినా అనుమానం తీరక పిచ్చుక వాళ్ళమ్మ ఓ కాగితం మీద "నెత్తి మీద సైకిలు ఉంది" అని పెద్దక్షరాలతో రాసి స్టీరింగుకి అంటించింది.

"నీ నెత్తి మీద నేనున్నానని కూడా ఓ కాగితం అంటించు," అన్నాడు పిచ్చుక వాళ్ళ నాన్న.

ఆదివారం తెల్లారగానే వీధిలో కారు ఆపుకుని సైకిలు ఎక్కించారు. పిచ్చుక వాళ్ళమ్మే బిగించింది. నాబ్ తిప్పింది, తిప్పింది, క్లిక్ అంది. ఆపేసింది. నిజంగానే ఆపేసింది. సైకిలు పట్టుకుని ఊపితే కారు ఊగింది గానీ సైకిలు కదల్లేదు. ఆమె నీళ్ళ సీసాలు తేవడానికి పైకి వెళ్ళింది. ఆ కాసేపట్లో కింద ఏం జరిగిందో ఆమెకి తెలియదు.

దారిలో ఆమె ముందు సీట్లో కూర్చుని మెడ తిప్పి తిప్పి పైకే చూసింది. కారు టాపు లోంచి సైకిలు కనిపించదు కదా, అయినా చూసింది. చిన్న గతుకు వచ్చినా చెయ్యి తలుపు మీదికి పోతుంది. గాలి ఈల వేసినట్టు వినిపించి ఒకసారి ఆపించింది. దిగి చూస్తే అంతా బాగానే ఉంది. బాగానే ఉందని తెలిశాక కూడా ఆమె చెయ్యి నాబ్ మీదే ఉంది. ఎవరూ చూడటం లేదు. కొంచెం తిప్పింది. కొంచెమే. మళ్ళీ కారెక్కాక తన మీద తనకే కోపం వచ్చింది, ఆ కోపంలో కూడా కాస్త నిశ్చింత ఉంది. ముప్పావు గంట తర్వాత పెట్రోలు కోసం ఆగినప్పుడు మళ్ళీ కొంచెం తిప్పింది.

రేసు జరిగే మైదానానికి చేరేసరికి ఇంకా నలభై నిమిషాల టైముంది. పిచ్చుక నంబరు కాగితం తెచ్చుకోవడానికి పరిగెత్తింది. ఆయన వెనక చక్రం పట్టీ ఊడదీశాడు. ఇటు ఆమె నాబ్ పట్టుకుని వెనక్కి తిప్పింది.

నాబ్ తిరిగింది. తిరుగుతూనే ఉంది. కొక్కెం మాత్రం కదల్లేదు.

ఇంకోసారి తిప్పింది. గిర్రున తిరుగుతోంది, లోపల ఏదీ పట్టుకోవడం లేదు. మరలు పోయాయి. కొక్కెం లోపలి పళ్ళలో ఆఖరి పన్ను దగ్గర బిగుసుకుపోయి చక్రం మీద రాయిలా కూర్చుంది. రాత్రింబవళ్ళు ఆమె భయపడింది సైకిలు ఊడి పడిపోతుందని. ఊడదని మాత్రం ఒక్కసారి కూడా తోచలేదు.

"ఎవరు తిప్పారు?" అంది.

ఆయన కారు అద్దం తుడుస్తున్నట్టు నటించాడు. నానమ్మ చీర కొంగు సర్దుకుంది.

"నువ్వు నీళ్ళకి వెళ్ళినప్పుడు ఒక్క చుట్టు," అన్నాడు ఆయన. "ఒక్కటే."

"వాడి చెయ్యి ఎప్పుడూ మెత్తనే," అంది నానమ్మ. "అందుకని నేనూ ఒకటి తిప్పాను అమ్మాయ్."

వాళ్ళిద్దరినీ తిట్టబోయి తన చుట్లు కూడా లెక్కపెట్టుకుంది. తనవి రెండు.

ఆయన కొక్కేన్ని రెండు చేతులా పట్టుకుని పైకి లాగబోయాడు. సైకిలు ఒకవైపుకి వంగి కీచుమంది. ఆ చప్పుడు వినగానే ఆమె వద్దు లాగొద్దు అని ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఇంకో కారు దగ్గర్నుంచి సుత్తి అడిగి తెస్తానన్నాడు. సుత్తి అనే మాటకే ఆమెకి కళ్ళు తిరిగాయి. మైకులో ఎవరో, రేసుకి పాతిక నిమిషాలు ఉంది, సైకిళ్ళు గీత దగ్గరికి తెచ్చుకోవాలి అంటున్నారు. అప్పుడే పిచ్చుక వీపుకి నంబరు కట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. వాళ్ళ మొహాలు చూసి, టాపు వైపు చూసి, ఆగిపోయింది.

"రావట్లేదా?"

నానమ్మ తల అడ్డంగా ఊపింది. పిచ్చుక ఏడవలేదు, అరవలేదు. వాళ్ళమ్మ వైపు చూస్తూ నిలబడింది, అంతే. అలా చూడకపోతే బాగుండేది.

పిచ్చుక వాళ్ళమ్మ కళ్ళు మూసుకుంది. షాపులో బల్ల ముందు కూర్చున్నట్టు ఊహించుకుంది. కళ్ళద్దాల ఫ్రేములో స్క్రూ తుప్పు పట్టి రాకపోతే ఏం చేస్తాం? స్క్రూతో కొట్లాడం. కొట్లాడితే లెన్సు పోతుంది. స్క్రూని దాని మానాన వదిలేసి, ఫ్రేముని కాస్త వేడి చేసి మెత్తబరిచి, లెన్సుని బొటనవేలితో మెల్లగా బయటికి తోస్తాం. పట్టు వదలకపోతే, దాంతో కొట్లాడకుండా మెత్తబడేదేదో దాన్ని మెత్తబరచాలి.

ఇక్కడ మెత్తబడేది ఏముంది?

కళ్ళు తెరిచి కారు తలుపు అంచు మీద కాలు పెట్టి పైకి లేచింది. ముందు చక్రానికి గాలి ఎక్కించే మూతి వెతికింది. దాని కొసన చిన్న మర ఉంది, ఆవగింజకన్నా కాస్త పెద్దది. రెండు వేళ్ళతో ఆ మర వదులు చేసి, గోటితో నొక్కింది. బుస్సుమని గాలి వచ్చింది.

"అమ్మా, రేసు చక్రం అది," అంది పిచ్చుక కంగారుగా.

"తెలుసు. పంపు ఎక్కడుంది?"

"నంబర్లిచ్చే టెంటు దగ్గర."

"తీసుకురా."

పిచ్చుక పరిగెత్తింది. చక్రం మెల్లమెల్లగా చప్పబడింది. రాయిలాంటి కొక్కేనికీ టైరుకీ మధ్య అగ్గిపుల్ల పట్టే సందు వచ్చింది, తర్వాత వేలు పట్టే సందు. ఆయన వెనక నుంచి సైకిలు ఎత్తి పట్టుకున్నాడు, ఆమె ముందు చక్రాన్ని పక్కకి వంచి కొక్కెం కిందినుంచి జార్చింది. ఎక్కడా ఏ చప్పుడూ రాలేదు. సైకిలు నేల మీద నిలబడ్డాక ఆమె ఫ్రేము పొడుగునా వేలు రాసి చూసింది, లెన్సు అంచు చూసుకున్నట్టు. పగులు లేదు. చిన్న గీత కూడా లేదు.

పిచ్చుక పంపు తెచ్చింది. ఆయన కొట్టాడు, పిచ్చుక పంపు మీది ముల్లు చూస్తూ చాలనగానే ఆపాడు. ఆ మాత్రం ఆయనకి ఆ పూటకి బుద్ధి వచ్చింది. పిచ్చుక టైరుని బొటనవేలితో నొక్కి చూసింది. వాళ్ళమ్మ కూడా నొక్కుదామని చెయ్యి చాపింది.

"నేను నొక్కాను కదమ్మా," అంది పిచ్చుక.

చాపిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఇంకా ఎంత గట్టిగా ఉందో, మూతి మర సరిగా బిగించిందో లేదో, మలుపులో దిగిపోతే ఏమిటో, ఇన్ని ప్రశ్నలు ఆ చేతి వేళ్ళ కొసల్లో ఉన్నాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, కనిపించకుండా కొంగులో చుట్టుకుంది.

పిచ్చుక గీత దగ్గరికి వెళ్ళింది. అక్కడ యాభై అరవై మంది పిల్లలు, అన్ని సైకిళ్ళూ ఒకేలా మెరుస్తున్నాయి. ఈల మోగింది. గుంపంతా ఒక్కసారి కదిలి, మొదటి మలుపు తిరిగి, చెట్ల వెనక్కి పోయింది. పదిమందిలో వస్తుందో రాదో తేలడానికి ఇంకో గంటన్నర పడుతుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ర్యాకు పనికిరాదు. సీటు మడిచి సైకిలు లోపల పెట్టి, నానమ్మని ముందు కూర్చోబెట్టి, తనూ పిచ్చుకా బస్సులో రావాలని ఆమె మనసులో అప్పుడే అనేసుకుంది.

చివరి గీత మైదానానికి అవతలి వైపు. అటు నడవాలి. ఆయన కారు తాళం వేసి తలుపు ఒకసారి లాగి చూశాడు. నానమ్మ రెండుసార్లు లాగింది. తర్వాత ఇద్దరూ ఎప్పటిలాగే ఆమె వైపు చూశారు.

ఆమె చేతులు కొంగులోనే ఉన్నాయి. ఆ తాళం పడిందో లేదోనన్న అనుమానం ఇంకా అలాగే ఉంది.

"సరే," అని నడక మొదలుపెట్టింది.