సున్నా నిమిషాలు

స్కూటీ మీంచి ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను దించి, ఫౌజియా దాన్ని చంకనెత్తుకుంది. రెండో అంతస్తు, ముప్ఫై ఆరు మెట్లు. వంటింటి గట్టు మీద టిన్ను పెట్టి సెల్‌లో స్టాప్‌వాచ్ ఆపింది. మంచినీళ్ల ప్లాంటు దగ్గర వరుసలో నిలబడ్డదాంతో కలిపి ముప్ఫై ఒక్క నిమిషాలు.

"నీళ్లకెళ్తూ గడియారం చూసుకునే కోడల్ని నేనెక్కడా చూళ్లేదు" అంది అత్త ఖైరున్ బీ.

నదీమ్ పేపర్లోంచి తలెత్తకుండానే ఖాళీ గ్లాసు ముందుకు జరిపాడు. "దాని ఉద్యోగమే కొలవడం కదమ్మా. మనింట్లోనూ మొదలెట్టింది."

తల్లీ కొడుకూ నవ్వుకున్నారు. ఫౌజియా గ్లాసు నింపింది. ఎవరూ థాంక్స్ చెప్పలేదు. పన్నెండేళ్లుగా చెప్పలేదు.

అతనన్నది నిజమే. మచిలీపట్నంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. సుస్థిరాభివృద్ధి ఏ ఊళ్లో ఎంతవరకు వచ్చిందో కొలవడానికి సూచికలు తయారు చేయాలి. ఇదివరకు నీళ్లకు ఒకటే సూచిక ఉండేది, ఇంటికి కుళాయి ఉందా లేదా అని. నాగాయలంక అవతల పెసరదిబ్బలో అందరికీ కుళాయిలున్నాయి. తిప్పితే ఉప్పునీళ్లొస్తాయి. ఆడవాళ్లు బిందెలతో రెండు కిలోమీటర్లు నడుస్తారు. ఇది చూసొచ్చిన ఫౌజియా మూడు నెలలు పోట్లాడి కొత్త సూచిక పెట్టించింది. తాగునీళ్లు తేవడానికి ఇంటికి రోజుకెన్ని నిమిషాలు పడుతోంది? "వంటింటి కబుర్లన్నీ సూచికలేంటమ్మా?" అని విసుక్కున్న అధికారి వెంకటసుబ్రహ్మణ్యం, చివరికి పీడ వదిలితే చాలన్నట్టు సంతకం పెట్టాడు.

ఆ రోజు ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఆయనే ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"నీ సూచిక అదిరిందమ్మా ఫౌజియా! పెసరదిబ్బ మూడొందల పన్నెండు ఇళ్లు. ఎంతొచ్చిందో తెలుసా? సున్నా నిమిషాలు. అన్ని ఇళ్లకీ! ఇక ఆ మంచినీళ్ల పైపులైను ప్రతిపాదన పక్కన పెట్టేయొచ్చు. సమస్యే లేనిచోట పైపులెందుకు?"

ఫౌజియా వరండాలోకెళ్లి, పెసరదిబ్బ పొదుపు సంఘం లీడరు నాంచారమ్మకు ఫోన్ చేసింది.

"మమ్మల్నెవరడిగారమ్మా?" నాంచారమ్మ గొంతు కోపంతో గరగరలాడింది. "మీ వాళ్లొచ్చి శోభనాద్రి టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. మగాళ్లంతా అక్కడే ఉంటారుగా! నీళ్లకెంతసేపంటే, ఇంట్లోనే ఉంటాయండీ అన్నాడంట మా ఆయన. ఉంటాయి మరి. నే మోసుకొచ్చి పోస్తే ఉండవా?"

ఫౌజియా లోపలికొచ్చి, సర్వే చేయించిన కౌండిన్యను నిలదీసింది. అతను ఫారం తీసి ఆమె ముందు పెట్టాడు. "చూడండి మేడమ్. మొదటి గడిలో జవాబు చెప్పేవారు కుటుంబ పెద్ద అనే ఉంది. ఫారం చేసింది మీరేగా?"

ఆమే. ప్రశ్నలో ఒక్కొక్క మాట కోసం మూడు నెలలు కొట్లాడిన మనిషి, పాత ఫారంలోని ఆ మొదటి గడిని ముట్టుకోనే లేదు. రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, పిల్లల బడి దరఖాస్తు, ఎక్కడైనా ఆ గడి కనిపిస్తే నదీమ్ పేరు రాసి కిందికి దిగిపోవడం చేతికి అలవాటైపోయింది. ఎదురుగా ఉన్న గోడ కళ్లకు ఆనకపోవడమంటే ఇదే. తన మీద తనకే అసహ్యమేసింది. ఆ అసహ్యం వెనకే అంతకు రెట్టింపు కోపం వచ్చింది.

"మళ్లీ సర్వే చేయాలి సార్. ఈసారి ఆడవాళ్లనడగాలి."

వెంకటసుబ్రహ్మణ్యం నవ్వు మాయమైంది. "ఆడవాళ్లనడిగితే కథలు చెప్తారు. నాలుగింటికల్లా ఈ లెక్క పైకి పంపాలి. తనిఖీ చేశానని నీ లాగిన్‌లో నొక్కు. నీ రెన్యువల్ కాగితం నా బల్ల మీదే ఉంది, గుర్తుంచుకో."

ఫౌజియా ఆయన ఎదుటే నదీమ్‌కు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. "ఏమండీ, మనింట్లో తాగునీళ్లకు రోజుకెన్ని నిమిషాలు పడుతుంది?"

"అదేం ప్రశ్న? నీళ్లు వంటింట్లోనే ఉంటాయిగా. సున్నా. పనుంది, పెట్టేయ్."

వెంకటసుబ్రహ్మణ్యం పగలబడి నవ్వాడు. "విన్నావా? మీ ఆయనే చెప్పాడు!"

"విన్నాను సార్."

కంప్యూటరు ముందు కూర్చుంది. తనిఖీ పేజీ తెరిచింది. ఒకసారి పంపితే ఇక ఎవరూ మార్చలేరు. వ్యాఖ్య గడిలో నెమ్మదిగా టైపు చేసింది. 'తనిఖీ చేశాను. జవాబు చెప్పిన మూడొందల పన్నెండు మందీ మగవాళ్లే. వాళ్లు చెప్పింది నిజం. వాళ్లలో ఏ ఒక్కరూ ఏనాడూ నీళ్లు మోయలేదు. ఈ లెక్క చెల్లదు.'

నొక్కింది.

వెనక నుంచి చదివిన వెంకటసుబ్రహ్మణ్యం ముఖం కందగడ్డలా అయింది. "ఏం చేశావో తెలుస్తోందా? రేపట్నుంచి రానక్కర్లేదు!"

"తెలిసే చేశాను సార్. ఆ పైపులైను మాత్రం ఇక మీరు ఆపలేరు" అని బ్యాగు తగిలించుకుంది.

సాయంత్రం ఆరింటికి నదీమ్ భోజనాల బల్ల దగ్గరినుంచి కేకేశాడు. "ఫౌజియా! నీళ్లేవి?"

ఆమె అప్పటికే ఖాళీ అయిన టిన్ను తెచ్చి అతని గ్లాసు పక్కన పెట్టింది. దాని మీద స్కూటీ తాళం పెట్టింది.

"ఏంటిది?" అన్నాడతను.

"సున్నా నిమిషాలేగా" అంది ఫౌజియా, స్టాప్‌వాచ్ నొక్కుతూ. "వెళ్లి రండి."