రాతి మీద ఒక్క ఒదిలోన్

చర్చి మెట్ల మీద పసికందుగా దొరికిన నా భర్తకు మా ఊరి పేరే ఇంటిపేరుగా రాశారు: సెర్వియాక్. కోటలో ఉండే దొరల ఇంటిపేరూ అదే. జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడిన దొరగారు తన కొడుకు పేరే, ఒదిలోన్ అని, మా ఆయనకూ పెట్టారు. జర్మన్లతో జరిగిన యుద్ధంలో ఆ ఇద్దరూ పోయారు.

యుద్ధంలో పోయిన మా ఊరివాళ్ల పేర్లు చెక్కి స్మారకశిల నిలబెట్టిన రోజు దాని మీద ఒక్క ఒదిలోన్ సెర్వియాకే కనిపించాడు. నేను చామంతులు పెట్టబోతుంటే దొరసాని కూడా పూలతో వచ్చింది.

"మా అబ్బాయి పేరు కింద పెడుతున్నావేమమ్మా?"

"ఇది మా ఆయన పేరండీ."

ఇద్దరం మేయరు వైపు తిరిగాం. ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"కోట నుంచి ఒక జాబితా, ఊరి నుంచి ఒక జాబితా వచ్చాయి. ఒక్కడినే రెండుసార్లు రాశారనుకుని ఒకటి కొట్టేశాను."

"ఎవర్ని కొట్టేశావయ్యా?" అంది దొరసాని.

"అది తెలిస్తే నాకీ చెమటెందుకు పడుతుందమ్మగారూ!"

రెండో పేరు చెక్కిస్తానన్నాడు, చెక్కించాడు కూడా. ఇప్పుడు ఒకదాని కింద ఒకటి, అక్షరం తేడా లేకుండా రెండు పేర్లున్నాయి. పైది ఎవరిదని అడిగితే మేయరు దొరసానిని చూస్తాడు, దొరసాని నన్ను చూస్తుంది. పూలు ఎక్కడ పెట్టాలో తెలియక నేను వాటిని చేత్తో పట్టుకునే నిలబడుతున్నాను.