జైనాబీ వేసిన మార్కులు

మా సెంటర్లో కొత్తగా చేరిన నిఖత్ మీద నాకు మొదటి రోజు నుంచే నమ్మకం కలగలేదు. చదువు నిన్నగాక మొన్న ముగిసింది. చేతిలో ఓ లావుపాటి పుస్తకం, ఏ వారం ఏం చేయాలో అందులో రాసి ఉంటుందట. మనిషి మనసేమన్నా ప్రెషర్ కుక్కరా, విజిల్స్ లెక్కపెట్టి దింపడానికి? హనుమకొండ సుబేదారిలో పద్దెనిమిదేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను, ఏ పుస్తకమూ ముందు పెట్టుకోలేదు.

నా మోకాలి ఆపరేషన్ వల్ల జైనాబీ నెల రోజులు ఆ పిల్ల చేతికి వెళ్లింది. రెండేళ్ల కింద ములుగు రోడ్డు మీద తనెక్కిన జీపు బోల్తా పడినప్పటి నుంచి జైనాబీ ఏ బండీ ఎక్కదు. ప్రతి గురువారం నా దగ్గరకు నడిచి వచ్చి, గంటసేపు ఏడ్చి, "మనసు అల్కగైంది మేడమ్" అని తేలికపడినట్టే వెళ్లేది. ఇప్పుడు ములుగులో ఆమె కూతురు తమన్నాకు నెలలు నిండాయి. డాక్టరమ్మ కదలొద్దంది. అమ్మా రావే అని ఆ పిల్ల రోజూ ఫోను.

తిరిగొచ్చి ఫైలు తీస్తే నాకు ఒళ్లు మండింది. వారానికో కాగితం. బస్సంటే భయం పదికి ఎంత? మొదటి వారం పది. తర్వాత తొమ్మిది, ఏడు, నాలుగు. రెండేళ్లలో నా వల్ల కానిది ఈమె నాలుగు వారాల్లో చేసిందా! అంకెలు తనే వేసుకుని ఉంటుంది.

"ఎవరు రాసిన్రు ఇవి?" అని నిఖత్‌ను నిలదీశాను.

"జైనాబీ ఖాలానే, విమల మేడమ్. మొదలు ఆగున్న బస్సుల కూసున్నం. తర్వాత రెండు స్టేజీల దాకా పోయొచ్చినం. రేపు ఆమె ఒక్కతే ములుగు పోతది. మీరు గూడ రాండ్రి."

ప్రభువా! భయపడే మనిషిని ఆ భయంలోకే తోస్తారా? నిఖత్ మోసం పట్టుకుందామనే వెళ్లాను.

హనుమకొండ బస్టాండులో ములుగు బస్సు కిటికీ పక్కన కూర్చుంది జైనాబీ. ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. నుదుటి నిండా చెమట. నిఖత్ కిందే నిలబడింది. నేను కుంటుకుంటూ ఎక్కి, గొంతు తగ్గించి అడిగాను.

"నిజం చెప్పు. ఆ మార్కులు నీతోని ఎవరు ఏయించిన్రు?"

"నేనే ఏసిన మేడమ్. గిప్పుడడిగితే ఆరు ఏస్త."

"మరి రెండేండ్లు నాతోని అల్కగైందంటివి కదా?"

ఆమె తల దించుకుంది.

"మీరు గంత ప్రేమగ ఇంటరు. నా భయంల ఏం ఫరక్ లేదని మీ మొఖం మీద ఎట్లంట? కాగితమైతే బాధపడదు కద మేడమ్."

కండక్టర్ రైట్ రైట్ అన్నాడు. సిగ్గుతో దిగాను. నిఖత్ చెయ్యి అందిస్తే పట్టుకున్నాను. మధ్యాహ్నం తమన్నా ఫోను నుంచి జైనాబీ మాట్లాడింది. "చేరిన మేడమ్."

మర్నాడు పొద్దున నర్సయ్య వచ్చాడు. మూడేళ్లుగా నా దగ్గరకు కౌన్సెలింగ్‌కు వస్తున్నాడు. కుర్చీలో కూర్చోగానే ఎప్పటిలాగే, "మంచిగనే ఉన్నది మేడమ్" అన్నాడు.

ఆ మాటను ఇన్నేళ్లలో మొదటిసారి నమ్మలేదు. ఓ కాగితం ఆయన ముందు పెట్టి, ఆయన రాసేదాకా గది బయట నిలబడ్డాను.