ఎడమచేత్తో నొక్కిన తీగ

మదీనాకు పడమట, యాన్బు రేవుపట్నంలో చైనా ఇంజినీర్ల క్యాంపు పక్కన ఒక హాలుంది. అందులో కుర్చీలు వేసేది, చాయ్ పెట్టేది నేను. ఊడ్చి తుడిచేది దస్తగిరి. కడప అతనిది. మదీనా హోటళ్లలో టైల్స్ పరిచిన మేస్త్రి. మోకాళ్లు చెడి ఈ పనిలోకి వచ్చాడు. పనిమంతుడే. చిక్కేమిటంటే చెప్పని పని కూడా చేస్తాడు. కిందటి నెల స్టేజీ మీది తివాచీని నీళ్లు పోసి ఉతికాడు. అది ముడుచుకుపోయింది. ఇంకొక్క మాటొస్తే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతానని సూపర్‌వైజర్ అబ్దుల్ ఘనీ సాబ్ నా ముందే చెప్పాడు.

ఆ రోజు షెన్ మేడమ్ కచేరీ. ఒక ఇంజినీరు భార్య ఆమె. వారం వారం మా హాల్లో గుజెంగ్ నేర్పుతుంది. గుజెంగ్ మన వీణలా ఒడిలో పెట్టుకునేది కాదు. మనిషంత పొడుగు చెక్కపెట్టె, స్టాండ్ల మీద బల్లలా ఉంటుంది. దాని మీద బారుగా తీగలు. ఒక్కో తీగ కింద పిట్టలాంటి చిన్న చెక్క ముక్క కాళ్లు చాపి తీగను మోస్తుంది. జిగురుండదు, మేకుండదు. తీగ బిగువుకే నిలబడుతుంది. ఆ పిట్టలన్నీ ఆకాశంలో బాతుల్లాగా ఏటవాలుగా సాగిపోతుంటాయి.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత కచేరీ. నేను గ్లాసులు సర్దుతుంటే దస్తగిరి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అన్నా, ఆ చైనా పెట్టె మీద చెక్కలన్నీ వంకరటింకరగా పోయినాయి. ఒక్కొక్కటి ఎత్తి లైనుకు పెట్టినా. వచ్చి చూడు, దారం కట్టినట్టుండాది!"

వెళ్లి చూశాను. పిట్టలన్నీ అడ్డంగా ఒకే గీత మీద నిలబడి ఉన్నాయి.

"ఏం జేసినవ్ రా! అవి గట్ల వంకరగనే ఉండాలె. ఒక్కోటి ఒక్కో జాగల ఉంటెనే ఒక్కో సప్పుడు."

"ఎవురు చెప్పినారు నాకు?" అన్నాడు. తర్వాత ముఖం పాలిపోయింది. "ఘనీ సాబుకు తెలిస్తే నా పని అయిపాయ గదన్నా."

అప్పుడే షెన్ మేడమ్ వచ్చింది, వెంట సుజిత. భీమవరం వైపు పిల్ల, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ లేని రోజు మేడమ్ దగ్గర నేర్చుకుంటుంది.

"అయ్య బాబోయ్! ఎవరు చేశారండీ ఇది?" అంది సుజిత.

"నేనేమ్మా," అన్నాడు దస్తగిరి.

మేడమ్ ఒక తీగ మీటింది. రేకుడబ్బా మోగినట్టు మోగింది. ఆమె వంగి, ఒక కన్ను మూసి, పిట్టల వరసను మేస్త్రి గోడను చూసినట్టు చూసింది. తర్వాత నవ్వింది. సుజితకు ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

"ఇంత సూటిగా ఎలా పెట్టావని అడుగుతున్నారు, బాబాయ్ గారూ."

"కంటితోనేమ్మా."

"అయితే ఇప్పుడు చెవితో పెట్టమంటున్నారు."

మేడమ్ శ్రుతి చూసే యంత్రమేదీ బయటికి తీయలేదు. తీగ మీటుతుంది, దాని అసలు శబ్దం ఎంతో నోటితో సన్నగా పలుకుతుంది, రెండూ ఒకటయ్యేదాకా పిట్టను జరుపుతుంది. అవతలి పక్కనున్న లావు తీగలు దస్తగిరికి వదిలింది. ఆమె పలుకుతుంటే అతను జరిపాడు. మొదట చెమటలు పోశాయి. ఒక తీగ దగ్గర టక్కున ఆగాడు.

"కలిసిపాయ! రసమట్టంలో బుడగ నడిమికొచ్చినట్టు!"

తలుపు తీసుకుని ఘనీ సాబ్ వచ్చాడు. "క్యా లింబాద్రీ, తయ్యార్ హై? యే దస్తగిరి ఉధర్ క్యా కర్రా?"

దస్తగిరికి అక్కడేం పనని నన్నే అడిగాడు. మేడమ్ తలెత్తకుండానే, "మై స్టూడెంట్," అంది.

సాబ్ దస్తగిరిని పైనుంచి కిందికి చూసి, నవ్వుకుంటూ పోయాడు.

జనం వచ్చారు. సుజిత ఆసుపత్రి ప్లాస్టర్‌తో మేడమ్ వేళ్లకు మీటే గోళ్లు అంటించింది. నేను, దస్తగిరి తెర పక్కన నిలబడ్డాం.

ఏం చెప్పను? కుడిచేతి వేళ్లు తీగల మీద పరుగెడితే రాళ్ల మీద నీళ్లు దొర్లినట్టుంది. మీటిన తీగనే పిట్టకు అవతల ఎడమచేత్తో నొక్కితే ఆ శబ్దం వంగి, మనిషి గొంతులా పైకి లేచింది. ఎవరో ఏదో చెప్పబోయి, చెప్పలేక ఆగినట్టు. ముందు వరసలో పొడుగాటి తెల్ల తోబులు తొడుక్కున్న అరబ్బు పెద్దలు ఫోన్లు దించేశారు. నా వెనక చాయ్ పొంగి స్టవ్వు మీద పడుతోంది. పోనిచ్చాను. ఇన్నేళ్లు ఈ హాల్లో ఎన్ని మైకులు విన్నాను, ఇలాంటిది వినలేదు. ఆ ఎడమచెయ్యి ఒక లావు తీగ మీదికి పదే పదే పోతోంది. అది ఆమె పద్ధతి అనుకున్నాను.

అయిపోయాక ఘనీ సాబ్ "వాహ్, వాహ్" అంటూ చప్పట్లు కొట్టి, అతిథుల వెంట బయటికి నడిచాడు. సుజిత మా దగ్గరికి వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"చూశారా బాబాయ్ గారూ? మొదటి పాటలోనే ఒక తీగ శ్రుతి దిగిపోయిందండి. కొత్తగా జరిపిన పిట్ట కదా, నిలవలేదు. అది వచ్చిన ప్రతిసారీ మేడమ్ ఎడమచేత్తో నొక్కి సరైన చోటికి ఎత్తారు. ఎంత తగ్గిందో అంతే. చివరిదాకా! నేనైతే అక్కడే ఆగిపోదును."

"ఏ తీగమ్మా?" అన్నాడు దస్తగిరి.

ఆమె చూపించింది.

"నాదేనా?"

"మీదేనండి."

అతను చేతులు వెనక్కి కట్టుకుని, తాకకుండా వంగి చూస్తూ ఉండిపోయాడు. మేడమ్ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఆ తీగ మీద, పిట్టకు అవతల, అతని వేలు పెట్టి నొక్కించింది. తను ఇవతల మీటింది.

ఖాళీ హాల్లో ఆ శబ్దం మెల్లగా పైకి లేచింది.

"ఎక్కతాండాదన్నా," అన్నాడు దస్తగిరి, గొంతు తగ్గించి. "నా వేలి కింద ఎక్కతాండాది."

లైట్లు ఆర్పడానికి వెళ్లినవాణ్ణి, స్విచ్చు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాను.