సాయంత్రం యాభై ఒకటి

ఆ అంకె యాభై ఒకటే. రీడింగుల పుస్తకం రాసే బుక్కమ్మాయి రాసేముందు పైకి చదివింది, మీటరు బాబాయి "ఊఁ" అన్నాకే రాసింది. అయినా ఆఫీసరు ఆ పేజీ మీద పెట్టిన వేలు తియ్యడం లేదు.

"పొద్దున తొంభై నాలుగు, సాయంత్రం యాభై ఒకటా? తొమ్మిదికి బదులు ఐదు రాసుంటావ్. ఒక్క గీత కొట్టి, పక్కన తొంభై ఒకటి వేసి సంతకం పెట్టు. అరనిమిషం పని."

"నేను సరిగ్గానే రాశాను సార్."

"వరసగా మూడోరోజు ఇది! సాయంత్రమైతే చాలు, నీ కళ్ళు గేటు మీదుంటాయి. ఐదింటికల్లా దిద్దు. లేదంటే రేపట్నుంచి పుస్తకం ఇంకొకళ్ళకిస్తా. నువ్వెళ్ళి నీ పాపని ఆడించుకో."

ఆమెకి ఒళ్ళు మండింది. ఇంటరు సగంలో ఆగిపోయిన పిల్లకి ఈ పని దొరికిందే చేతిరాత చూసి. ఆ రాతనే తప్పంటే ఇక మిగిలేదేముంది?

మీటరంటే పెద్ద మాయేం కాదు. పెట్టెలో స్ప్రింగుకి వేలాడే చిన్న బరువు. కింద నేల గట్టిగా ఉంటే దాన్ని కాస్త ఎక్కువ లాగుతుంది, డొల్లగా ఉంటే కాస్త తక్కువ. ఆ కాస్తా చివరి రెండంకెల్లోనే తెలుస్తుంది. కొత్త రోడ్డు వెయ్యబోయే చోట కింద డొల్లలున్నాయేమో చూడడం వీళ్ళ పని. రోజంతా తిప్పితే స్ప్రింగు అలిసి అంకె కొంచెం జరుగుతుంది. అందుకే పొద్దున ఆఫీసు పోర్టికోలో బేస్ అని వేసిన పెయింటు గుర్తు మీద మొదలుపెట్టి, రోడ్డు దారిలో పాతిన మేకు మేకుకీ ఆగి, సాయంత్రం మళ్ళీ అదే గుర్తు మీదకొస్తారు. వచ్చిన తేడాని గంటల లెక్కన మేకులన్నిటికీ పంచుతారు. ఐదారు వస్తే ఎవరూ అడగరు. నలభై మూడు వస్తే ఎండలో నడిచిందంతా దండగ.

"బాబాయ్, నువ్వైనా చెప్పవేం?" అంది ఆఫీసరు లోపలికెళ్ళగానే.

"ఏం చెప్పనమ్మా? తొమ్మిదో మేకు దగ్గర ఈ మూడు రోజులూ పొద్దున, మధ్యాహ్నం రెండుసార్లు తీశాం. రెండూ ఇంచుమించు కలిశాయి. మీటరు బాగుందంటే ఆయన నీ మీద పడతాడు. బాగాలేదంటే నా మీద పడతాడు."

"అందుకని నన్ను ముందుకి తోశావా?"

"నీకు చిన్న వయసు, తట్టుకుంటావ్," అన్నాడు బాబాయి పెట్టె తుడుస్తూ. జోకనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

ఫోను మోగింది. అత్తయ్య.

"నేల బరువు తూచింది చాలు గానీ, పిల్ల బరువు చూశావా? మళ్ళీ పాలు కక్కింది."

"జ్వరముందా అత్తయ్యా? ఒళ్ళు పట్టి చూడండి."

"జ్వరం లేదు, గిరం లేదు. తల్లి లేదంతే."

ఫోను పెట్టేసి మొహం కడుక్కుందామని ఆఫీసు పెరట్లో కుళాయి తిప్పింది. గాలి వచ్చింది, నీళ్ళు రాలేదు.

"ఇది కూడానా!" అని కుళాయిని ఒక్కటేసింది. చెయ్యి నొప్పెట్టింది.

అటు పోతున్న వాచ్‌మెన్ తాత ఆగాడు. "దాన్ని కొడితే ఏమొస్తుందమ్మా? నాలుగంతస్తుల జనానికి ఒక్కటే సంపు. సాయంత్రానికి అడుగంటుతుంది. మళ్ళీ రాత్రికి నిండుతుంది."

"రోజూ ఇంతేనా?"

"ఆదివారం మాత్రం నిండుగా ఉంటుంది. వాడేవాళ్ళెవరు?"

ఆదివారం. ఆ రోజు కూడా వీళ్ళు మేకుల వెంట తిరిగారు. ఆమె పుస్తకం తిరగేసింది. పొద్దున తొంభై నాలుగు, సాయంత్రం తొంభై. సోమవారం పొద్దున తొంభై నాలుగు, సాయంత్రం యాభై. మంగళవారం తొంభై నాలుగు, యాభై మూడు. అలిసిన స్ప్రింగు తెల్లారేసరికి అంత బుద్ధిగా మొదటికొస్తుందా?

పోయిన నెల ఆస్పత్రిలో పాపని తూచినప్పుడు బరువు పెరిగిందని అత్తయ్య సంబరపడింది. తడిసిన గుడ్డ తీసి మళ్ళీ తూస్తే పాత బరువే. నీళ్ళకీ బరువుంటుంది. బరువున్నదేదైనా లాగుతుంది.

"తాతా, సంపు ఎక్కడుంది?"

"పోర్టికో కిందేగా. మూత ఆ పూలకుండీల వెనక."

పెయింటు గుర్తుకి ఆ మూత రెండడుగుల దూరం. ఆమె కుండీలు తనే పక్కకి లాగింది. తాత, బాబాయి కలిసి మూత ఎత్తారు. గది అంత పెద్ద సంపు. అడుగున బురద, దాని మధ్య ఒక ప్లాస్టిక్ మగ్గు.

"సార్, ఒక్కసారి రండి!"

ఆఫీసరు వచ్చి వంగి చూశాడు. ఆమె పుస్తకం తెరిచి నాలుగు రోజుల పేజీలూ ఒక్కొక్కటే చూపించింది. ఆయన ఫోను లైటు లోపలికి వేసి, గోడల మీద నీళ్ళు నిలిచిన గీత చూశాడు.

"నిండుగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, ఖాళీ అయ్యాక ముగిస్తున్నామన్నమాట," అన్నాడు. "ఇక్కడ బేస్ పెట్టిందెవరు?"

బాబాయి ఆకాశం చూశాడు. పెట్టింది ఆఫీసరే.

"సరే. తొమ్మిదో మేకు రెండుసార్లు తీశారుగా, దాంతో మూడు రోజుల లెక్కా సరిచేద్దాం. రేపట్నుంచి బేస్ గేటు అవతల బండ మీద." వెళ్ళబోతూ ఆగాడు. "ఈ మాట మొన్నే చెప్పి ఉంటే మూడు రోజుల తలనొప్పి తప్పేది."

మొన్న! మొన్న ఆమె నోరు తెరిస్తే "రాయడం నీ పని, ఆలోచించడం కాదు" అన్నది ఈ మనిషే. ఆ మాట పెదవి దాకా వచ్చింది. మింగింది.

"పుస్తకం సార్?"

"పుస్తకానికేమైంది? నీ దగ్గరే ఉంచు. రేపు ఏడింటికి రా, లేటు చెయ్యకు."

అంతే. తప్పు నీది కాదన్న ఒక్క ముక్క లేదు. బాబాయి మాత్రం తన ఫ్లాస్కులోని టీ మూతలో పోసి ఇచ్చాడు. అది చల్లారిపోయి ఉంది. తాగింది.

గుర్తు పక్కనే కూర్చుని, రిమార్కుల గడిలో "సాయంత్రం సంపు ఖాళీ" అని మూడు రోజులకీ రాసి సంతకం పెట్టింది. కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి రాసింది. యాభై ఒకటి మీద గీత పడలేదు.

మళ్ళీ ఫోను.

"ఇంకా ఏం చేస్తున్నావే అక్కడ?"

"లెక్క తప్పిందన్నారు అత్తయ్యా. అందుకే ఉండిపోయా."

"దిద్దావా మరి?"

"దిద్దడానికేం లేదు, ముందునుంచీ సరిగ్గానే ఉంది," అంది, చెప్పులు వేసుకుంటూ. "పాప మళ్ళీ కక్కిందా?"